ఎర్రావుకు కట్టిన సిక్ కార్డు

నాకు నోరు ఆగదు. ఈ మాట మా అమ్మ అనేది, మా ఆయన అంటాడు, ల్యాబులో మా డాక్టరమ్మ కూడా హిందీలో మర్యాదగా అంటుంది. చాలాకాలం నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. నలుగురు కూర్చున్న చోట నా కబుర్లు లేకపోతే ఎవరికీ తోచదని నా నమ్మకం. ఆ నోటితోనే ఒక పెద్దమనిషిని రెండు నెలల పాటు చిత్రవధ చేశానని తెలిశాక గానీ అది పొగడ్త కాదని నా బుర్రకు ఎక్కలేదు.

మాది బిలాస్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు, నాన్న షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు, నేను రైళ్ళను వదిలేసి గొడ్లను పట్టుకున్నాను. ఒక పశువైద్య ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. నెత్తురు తీయడం, పేడ పరీక్ష చేయడం, సీసాల మీద చీటీలు అంటించడం నా పని. పెళ్ళయ్యాక అర్పా నది దాటి రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం గానీ, పుట్టి పెరిగిన తార్‌బహార్‌కు వారానికి ఒకసారైనా వెళ్ళకపోతే నాకు అన్నం సయించదు. అమ్మా నాన్నా పోయారు. అక్కడ నాకు మిగిలింది బాబాయి ఒక్కడే.

బాబాయి అంటే రక్తసంబంధం కాదు. నాన్న కన్నా ఐదేళ్ళు చిన్న. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీంచి కూర గిన్నెలు, పత్రికలు, చంటిపిల్లలు అటూ ఇటూ మారుతుండేవాళ్ళు. బాబాయికీ పిన్నికీ పిల్లల్లేరు. నేను సగం వాళ్ళింట్లోనే పెరిగాను. నాకు జడలు వేసింది పిన్ని, లెక్కలు చెప్పి మొట్టికాయలు వేసింది బాబాయి.

ఆయన క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ట్రైన్ ఎగ్జామినర్‌గా చేశాడు. అంటే యార్డులోకి వచ్చిన బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసి, ఏ వ్యాగన్ ప్రయాణానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చే ఉద్యోగం. చక్రం మీద సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చెప్పేవాడు. అనుమానం వస్తే చాలు, వ్యాగన్ మీద సుద్దతో సిక్ అని రాసి, కార్డు తగిలించి, బండి నుంచి విడదీసి సిక్ లైనులోకి తోయించేవాడు. ఒకసారి సిక్ అని రాశాక ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి కేకలేసినా అది కదలదు. మరమ్మతు అయి, ఫిట్ అని కాగితం వస్తేనే కదులుతుంది. ఇంట్లో కూడా అదే ధోరణి. కుర్చీ కాలు కాస్త ఊగితే దాని మీద సుద్దతో సిక్ అని రాసేవాడు. పిన్ని తడిగుడ్డతో తుడిచేసి అదే కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకునేది.

ఎర్రావు పిన్ని ముచ్చట. కాట్నీ లైన్లో ఎక్కడికో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే కర్గీ రోడ్ స్టేషన్లో బండి ఆగిందట. కిటికీలోంచి చూస్తే కంచె పక్కన ఒక ఎర్రటి పెయ్యదూడ నిలబడి ఉందట. ఎంత బాగుందో చూడండి అని పిన్ని ఒక్కసారే అంది. మర్నాడు బాబాయి డ్యూటీ దిగి, మళ్ళీ అదే బండెక్కి కర్గీ రోడ్ వెళ్ళి, ఆ దూడ ఎవరిదో వాకబు చేసి, కొని, ఇంటికి తోలుకొచ్చాడు. అప్పటికే పెరట్లో రెండు ఆవులున్నాయి. ఇది మూడోది. ఇక్కడి నాటు రకం, పొట్టిగా, గట్టిగా, మహా మొండి. పాలు ఎక్కువ ఇవ్వదు గానీ ఇచ్చినవి చిక్కగా ఉండేవి. ఆ పాలు ప్రత్యేకంగా విడిగా కాచి, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు బాబాయే తన చేత్తో పిన్నికి ఇచ్చేవాడు. ఆవిడకు ఒంట్లో బలం తక్కువని ఆయన బెంగ.

పిన్ని పోయి మూడేళ్ళు దాటింది. ఆ జబ్బు ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మొదట చేతులు వణికాయి, కూరలో ఉప్పు వేయబోతే స్టవ్ మీద పడేది. తర్వాత నడక తూలింది. ఆ తర్వాత నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, ఎవరింటి పిల్లవి అని అడిగింది. తార్‌బహార్‌లో రైలు కూతలు లేని పూట ఉండదు. నలభై ఏళ్ళు ఆ కూతల మధ్య హాయిగా నిద్రపోయిన మనిషి, చివరి నెలల్లో కూత వినబడితే చాలు మంచం మీద ఎగిరిపడేది. ఒక డాక్టరు ఒక పేరు చెప్పాడు, ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు ఇంకో పేరు చెప్పాడు. ఆరు నెలలు తిరక్కుండానే వెళ్ళిపోయింది. బాబాయి కర్మకాండలన్నీ క్రమం తప్పకుండా జరిపించాడు, వచ్చినవాళ్ళకు దగ్గరుండి భోజనాలు పెట్టించాడు, పదమూడో రోజు దాటాక మళ్ళీ ఆవుల పనిలో పడ్డాడు. గట్టి మనిషి అని అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా మెచ్చుకున్నాను.

మొన్న వానాకాలంలో మా డాక్టరమ్మ ఒక జన్యుపరీక్ష మొదలుపెట్టింది. ఒకప్పుడు విదేశాల్లో పశువుల్ని, వాటి మాంసం తిన్న మనుషుల్ని కూడా హడలగొట్టిన పిచ్చావు జబ్బు అని ఒకటుంది. దానికి క్రిమి అంటూ ఏదీ ఉండదు. మెదడులో మామూలుగా ఉండే ప్రియాన్ అనే ప్రొటీన్ మడత తప్పి, పక్కవాటిని కూడా మడత తప్పిస్తూ పోతుంది. చివరికి మెదడు చిల్లులు పడి స్పాంజిలా అవుతుంది. మన దేశంలో ఆ జబ్బు వచ్చిన ఆవు ఒక్కటి కూడా నమోదు కాలేదు. అయినా ఇక్కడి నాటు పశువుల్లో ఆ ప్రొటీన్ తాలూకు జన్యువు ఎలా ఉందో చూడాలని ఆవిడ కుతూహలం. ఆ జన్యువు ముందుభాగంలో ఒకచోట కొన్ని సంకేతాక్షరాలు కొన్ని పశువులకు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. లేని పశువుకు ఆ జబ్బు సోకే పరిస్థితే గనక వస్తే, మిగతావాటి కన్నా కాస్త సులువుగా లొంగవచ్చు. విషయం అంతే. ఆ 'పరిస్థితే గనక వస్తే' అన్న ముక్కను నేను తర్వాత నమిలి మింగేశాను. నా నేరమంతా అందులోనే ఉంది.

నెత్తురు నమూనాలు కావాలంటే తెలిసినవాళ్ళ ఆవుల దగ్గరికే వెళ్తాం కదా. బాబాయి పెరట్లో మూడింటికీ తీశాను. ఎర్రావు నన్ను దగ్గరికి రానివ్వలేదు. బాబాయి దాని నుదుటికి తన నుదురు ఆనించి, చెవిలో ఏదో గొణుగుతూ నిలబడితే, నేను మెడ దగ్గర సూది వేసి ఒక సీసాడు నెత్తురు తీసుకున్నాను. ఆయన దేనికని కూడా అడగలేదు. నా మీద ఆయనకు అంత నమ్మకం.

పరీక్షలో చివరి అంకం చూడముచ్చటగా ఉంటుంది. కరెంటు పెట్టిన జెల్ పలకలో పొట్టి ముక్కలు ముందుకు పరుగెడతాయి, పొడుగువి వెనకబడతాయి. దీపం వేసి చూస్తే గీతలు మెరుస్తాయి. మిగతా ఆవులన్నింటికీ వెనక గీతో, రెండు గీతలో ఉంటే, ఎర్రావు ఒక్కదానికే ఉత్త ముందు గీత వచ్చింది. అంటే తల్లి నుంచి వచ్చిన దాంట్లోనూ, తండ్రి నుంచి వచ్చిన దాంట్లోనూ ఆ అక్షరాలు లేవన్న మాట. నాకు భలే సంబరమేసింది. మనవాళ్ళ ఆవు, అందరిలోకీ వేరుగా తేలింది! ఫలితాలు బయట చెప్పొద్దని డాక్టరమ్మ అంది. బాబాయి బయటివాడు ఎలా అవుతాడు అనుకున్నాను.

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం వెళ్ళాను. బాబాయి ఎర్రావు పాలతోనే టీ పెట్టాడు. నేను మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాను. మూడింట్లోనూ ఎర్రావుది బలహీనమైన రకమని, పిచ్చావు జబ్బు తొందరగా అంటుకునే జాతకమని, నాకు తోచిన భాషలో దంచి చెప్పాను. ఆ జబ్బొస్తే ఏమవుతుందని ఆయన అడిగాడు. అడగడమే తడవు. కాళ్ళు తూలతాయి, ఒళ్ళు వణుకుతుంది, రోజూ మేత పెట్టే మనిషినే గుర్తుపట్టదు, చిన్న చప్పుడుకే ఎగిరిపడుతుంది, మందు లేదు, కొన్ని నెలల్లో పోతుంది, మనుషులకు వచ్చినా ఇదే వరస అని, చేతులు తిప్పుతూ, నేనే ఎగిరిపడి చూపిస్తూ మరీ చెప్పాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

"లోపల ఎన్నాళ్ళుంటాదమ్మా, బయటపడకుండా?" అని అడిగాడు.

"ఏళ్ళ తరబడి ఉంటాది బాబాయీ. ఎవులికీ తెలీదు."

"అచ్ఛా" అన్నాడు. ఆయన గ్లాసులో టీ సగం అలాగే ఉండిపోయింది. వేడి ఎక్కువైందేమో అనుకుని నేను ఇంకో కప్పు పోయించుకుని తాగి వచ్చాను.

ఆ తర్వాత ల్యాబు పనిలో పడి నేను తార్‌బహార్ వైపే వెళ్ళలేదు. కార్తీకంలో బాబాయి పక్కింటావిడ ఫోన్ చేసింది. మీ బాబాయికి మతి చలించినట్టుంది, ఒకసారి వచ్చి చూసుకోమంది. ఏం జరిగిందంటే, ఆయన వీధిలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడట. ఒకప్పుడు ఎర్రావు పాలు మిగిలినప్పుడు పోయించుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, చేతులు ముందుకు చాపమంటున్నాడట. వేళ్ళు వణుకుతున్నాయా అని కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తున్నాడట. రాత్రి నిద్ర పడుతోందా, నడకలో తూలుడు ఉందా అని అడిగి వెళ్తున్నాడట. మొదట్లో అందరూ నవ్వారు గానీ, పిల్లల్ని కూడా గీత మీద నడిపించి చూసేసరికి తల్లులకు చిరాకేసింది.

నేను ఆ సాయంత్రమే స్కూటీ వేసుకుని వెళ్ళాను. ఇంట్లోకి అడుగు పెట్టకుండానే ఎర్రావు అరుపు వినబడింది. పెరట్లో రెండు ఆవులు ఎప్పటిలా కొట్టంలో ఉన్నాయి. ఎర్రావును మాత్రం దూరంగా, బోరింగు పంపు పక్కన రేకు కింద కట్టేశాడు. దానికి మూడు నెలల దూడ ఉంది. ఆ దూడను ఈ చివర, ఇంకో ఆవు దగ్గర కట్టాడు. తల్లి పిలుస్తోంది, దూడ గింజుకుంటోంది. ఏటా కార్తీకంలో ఆవులు కాసే రౌత్ వచ్చి, మోదుగు నారతో, నెమలి ఈకలతో అల్లిన సుహాయి దండలు ఆవుల మెడలో కట్టి దీవించి వెళ్తాడు. ఆ రెండింటి మెడలోనూ దండలున్నాయి. ఎర్రావుకు లేదు. కట్టబోతే బాబాయి వద్దన్నాడట, రౌత్ మనసు కష్టపెట్టుకుని వెళ్ళిపోయాడట. దాని మెడలో పలుపుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. ఇంగ్లీషు పెద్దక్షరాలతో సిక్ అని, కింద తేదీ, బాబాయి సంతకం.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? నోరులేని జీవాన్ని అలా కట్టేస్తే! పాలు ఏం చేస్తున్నావని అడిగాను. పిండి మోరీ కాలవలో పోస్తున్నానన్నాడు. ఆవుకు జబ్బు లేదని, జన్యువు బలహీనమైనంత మాత్రాన జబ్బున్నట్టు కాదని అరిచి చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు.

"సిక్ ఏసినాక మాట మీద ఒగ్గడం ఉండదమ్మా. నువ్వే కదా సెప్పినావు, రకం మంచిది కాదని. ఫిట్ కాగితం తే, ఒగ్గుతాను."

నాకు కోపంలోనూ నవ్వొచ్చింది. ఇదా సంగతి, రిటైరై ఇన్నేళ్ళయినా యార్డు బుద్ధి పోలేదు అనుకున్నాను. కాగితమే కదా, తెచ్చి పడేస్తే సరిపోతుంది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి పగలబడి నవ్వాను కూడా.

మర్నాడు డాక్టరమ్మతో జరిగింది చెబితే నాకు పెట్టాల్సిన గడ్డి పెట్టింది. చెప్పొద్దన్నది చెప్పడం ఒక తప్పు, సగమే చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు అంది. తర్వాత తనే స్కూటర్ మీద నాతో వచ్చి ఆవును నడిపించి చూసింది, కళ్ళు చూసింది, చప్పట్లు కొట్టి చూసింది. ఎర్రావు విసుక్కుని తల విదిలించడం తప్ప ఏమీ చేయలేదు. ఆవు పూర్తి ఆరోగ్యంగా ఉందని, ఆ జన్యు రకం జబ్బు కాదని, పాలు వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఆవిడ శుభ్రంగా కాగితం రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. బాబాయి వరండాలో కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదివి మడత పెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఇవాళ్టి మాట. అప్పటి మాట ఇందులో నేదు."

ఎప్పటి మాట అని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి, బట్టల పెట్టె అడుగు నుంచి ఒక పొడుగాటి కాగితం తెచ్చాడు. గీతలు గీసి, గడులు కట్టి, నీలం సిరాతో పొందికగా రాసి ఉంది. అలాంటి కాగితాలు నాన్న దగ్గర చిన్నప్పుడు చూశాను. జాయింట్ నోట్ అంటారు. బండి పట్టాలు తప్పినా, యాక్సిల్ కాలినా, సంబంధించిన విభాగాల వాళ్ళంతా చోటుకు వెళ్ళి, చూసింది చూసినట్టు రాసి, కారణం తేల్చి, బాధ్యత ఎవరిదో నిర్ణయించి కింద సంతకాలు చేస్తారు. కారణం తేలకుండా ఆ కాగితం ఆఫీసుకు పోదు.

చదవడం మొదలుపెట్టాను. మొదటి గడిలో పిన్ని చేతులు మొదటిసారి వణికిన తేదీ ఉంది. తర్వాత నడక తూలిన తేదీ. మనుషుల్ని మరిచిపోయిన తేదీ, దాని పక్కన నా గురించి, 'పక్కింటి అమ్మాయిని గుర్తించలేదు' అని. రైలు కూతకు ఉలిక్కిపడిన తేదీ. తర్వాత ఎర్రావు. కర్గీ రోడ్‌లో కొన్నది, భార్య కోరిక మీద, తెచ్చినది తాను. మొదటి ఈత ఎప్పుడు, పాలు ఎప్పటి నుంచి ఇచ్చింది, రోజుకు రెండు గ్లాసులు, ఇచ్చినది తాను. జబ్బు ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండగలదని ల్యాబు వారి నోటిమాట. ఆ ల్యాబు వారు అంటే నేనే. కారణం అన్న గడిలో, సదరు ఆవు పాలు అని రాసి ఉంది. బాధ్యత అన్న గడిలో, 'నేను' అని ఒక్కటే మాట. కింద రెండు సంతకాలకు చోటు వదిలాడు. ఒకదాంట్లో ఆయన సంతకం ఉంది. రెండోది ల్యాబు తరఫున నేను పెట్టాల్సింది.

అప్పటిదాకా నాకు స్ఫురించనే లేదు. ఆ మధ్యాహ్నం మంచం మీద కూర్చుని, చేతులు తిప్పుతూ, ఎగిరిపడుతూ నేను నటించి చూపించింది పిన్నిని. వేరెవరినీ కాదు. పిన్ని మొగుడి ముందు కూర్చుని, ఆవిడ చావును ఆవు పేరుతో ఆడి చూపించి, ఇంకో కప్పు టీ అడిగి తాగి వచ్చాను. ఇల్లిల్లూ తిరిగి ఆయన వేళ్ళు చూసింది మతి చలించి కాదు, ఇంకెంతమందిని చంపానో అన్న భయంతో. నన్ను క్షమించమన్నాను. నువ్వేం చేశావమ్మా, నువ్వు చెప్పబట్టే కదా తెలిసింది అన్నాడు. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను. ఈసారి సగం మింగకుండా మొత్తం చెప్పాను. జన్యువు బలహీనంగా ఉండడం అంటే, పట్టాలు తప్పిన వ్యాగన్ అని కాదు. పట్టా విరిగి ఉంటే మిగతావాటికన్నా ముందు తప్పుతుందేమో అని మాత్రమే. అసలు పట్టా విరగలేదు. ఆ దేశాల్లో ఆవులకు ఆ జబ్బు వచ్చింది చచ్చిన పశువుల మాంసం, ఎముకలు పొడి చేసి దాణాలో కలిపి పెట్టడం వల్ల. బాబాయి దగ్గర అడ్డగోలుగా నమ్మడం ఉండదు. ఒక్కో మాటకూ సుత్తితో కొట్టి చూసినట్టు ప్రశ్న వేశాడు. దాణా ఏం పెట్టామో గుర్తు చేసుకున్నాడు. గడ్డి, తవుడు, పప్పు పొట్టు, పిన్ని చేత్తో కలిపిన కుడితి. బయటి దాణా బస్తా ఎప్పుడైనా వచ్చిందా అని తనను తానే అడిగి, రాలేదని తేల్చుకున్నాడు. ఆవుకు జబ్బుండి బయటపడకుండా ఉందేమో అన్నాడు. అది పుట్టి పదేళ్ళు దాటింది, ఉంటే ఈపాటికి ఎప్పుడో పడిపోయేదన్నాను. మరి పాల సంగతి అన్నాడు. జబ్బున్న ఆవు పాల వల్ల కూడా మనుషులకు అది వచ్చినట్టు ఎక్కడా తేలలేదన్నాను. నువ్వు టెక్నీషియన్‌వి, డాక్టరును అడుగు అన్నాడు. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

డాక్టరమ్మతో ఆయనే హిందీలో మాట్లాడాడు. ఆవిడ ఆదివారం వంటపనిలో ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినబడింది. అయినా స్టవ్ ఆర్పేసి ఓపిగ్గా విని, నేను చెప్పినవన్నీ తన మాటల్లో మళ్ళీ చెప్పింది. మీ ఆవు వల్ల మీ ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు, ఇది నేను ఏ కాగితం మీదైనా రాసిస్తానంది. అయితే మా ఆవిడకు దేనివల్ల వచ్చింది అని ఆయన అడిగాడు. నేను పశువుల డాక్టరును, అది చెప్పే అర్హత నాకు లేదు, మెదడు జబ్బులు కొన్ని ఏ కారణమూ లేకుండానే వస్తాయని మాత్రం మనుషుల డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు అంది. బాబాయి ఆవిడకు రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి ఫోన్ నాకిచ్చాడు.

కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఎర్రావు పలుపు నుంచి అట్టముక్క తీసేశాడు. దాన్ని కొట్టంలోకి తోలుకొచ్చి, తన గుంజకే కట్టి, దూడను వదిలాడు. దూడ తల్లి పొదుగును ఒక్క ఊపున కుమ్మింది. ఎర్రావు అరుపు ఆపి, దూడ వీపు నాకడం మొదలుపెట్టింది. నాకు గుండెల మీంచి బరువు దిగింది. అయిపోయింది, తప్పు దిద్దుకున్నాను అని సంతోషపడ్డాను. లోపలికి వెళ్ళి అన్నం వండి, వంకాయ కూర చేసి ఆయన్ని పిలిచాను.

ఆయన రాలేదు. వరండాలో ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బాధ్యత గడిలో 'నేను' అన్న మాట మీద స్కేలు పెట్టి ఒక గీత గీశాడు. కారణం గడిలో రాసింది కూడా కొట్టేశాడు. పెన్ను అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ ఏటి రాయమంటావు?"

"ఏమీ రాయొద్దు బాబాయీ. ఖాళీగా ఒగ్గేయ్. తెలీదు కదా."

"సర్వీసులో ఒక్కటీ ఖాళీగా ఒగ్గలేదు నేను" అన్నాడు. చాలాసేపు ఆ గడినే చూస్తూ ఉన్నాడు. నేను అన్నం చల్లారిపోతోందని అనబోయి, జీవితంలో మొదటిసారి, ఆగాను. ఆయన తలెత్తకుండానే మాట్లాడాడు.

"నా తప్పే అయ్యుంటే బాగుణ్నమ్మా. ఈ రెండు నెల్లూ రోజూ పొద్దున్నే మంచం మీద కూకుని మీ పిన్నికి తప్పు సెప్పుకుంటన్నాను. నేనే పోసీసినాను, నీకు తెలీకుండా నేనే సంపీసినాను, మాపు సెయ్యి అని. మూడేళ్ళ తర్వాత ఆవిడతో మళ్ళీ మాట కలిసింది. ఇప్పుడు నాది తప్పు కాదంటన్నారు. రేపొద్దున్న లేచి ఆవిడతో ఏటి మాటాడాలి నేను?"

ఆయన పక్కన కింద కూలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పిన్ని పోయిన రోజున చూడని కన్నీళ్ళు అప్పుడు చూశాను. ఇద్దరం ఆవిడ కోసం ఏడ్చాం.